వీధిబడి ఇసుక నుంచి డిజిటల్ బోర్డు దాకా

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు ఒక మాట అడిగాను. జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు కదా, నేను చరిత్ర రాయవచ్చా అని. మన బడి చరిత్ర కాదు, బడిలో పాఠం చెప్పే పద్ధతుల చరిత్ర. దానికి కారణం ఉంది. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలన్నది ఈసారి సర్వసభ్య సమావేశంలో తేలాలి. అన్ని తరగతి గదుల్లో డిజిటల్ బోర్డులు పెట్టిద్దామని కొందరు, మన ఖర్చుతో అదనంగా ఇద్దరు టీచర్లను పెడదామని కొందరు, మంచి మార్కులు తెప్పించిన సార్లకు నగదు బహుమతులు ఇద్దామని ఇంకొందరు అంటున్నారు. పిల్లలందరికీ నోటు పుస్తకాలు, బ్యాగులు పంచుదామన్న మాట కూడా వచ్చింది. అందరూ బడి మీద ప్రేమతోనే అంటున్నారు.

అయితే ఈ ఆలోచనల్లో ఏదీ కొత్తది కాదు. ప్రతిదాన్నీ ఎవరో ఒకరు, చాలాసార్లు మన తెలుగు నేల మీదే, చేసి చూశారు. కొన్నింటిని జాగ్రత్తగా కొలిచి కూడా చూశారు. ఆ ఫలితాలు తెలుసుకోకుండా చెక్కు రాయడం మట్టి పరీక్ష చేయకుండా పునాది తవ్వడం లాంటిది. ముప్పై ఏళ్లుగా సివిల్ ఇంజనీరు పని చేస్తున్నవాడిని కాబట్టి నాకు ఆ భయం ఎక్కువే.

ఇసుకలో అక్షరాలు

కొత్త బోధనా పద్ధతి అనగానే అది పడమటి నుంచి వచ్చిందనుకోవడం మనకు అలవాటు. ఒకసారి మాత్రం అది ఇటు నుంచి అటు వెళ్లింది.

1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలురకు ఒక ఆశ్రమం పెట్టారు. దాని బాధ్యత చూసినవాడు ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతబోధకుడు. ఒకనాడు ఆయన ఒక దేశవాళీ బడి పక్కగా వెళ్తూ, పిల్లలు నేల మీద ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. పలకలూ కాగితాలూ అక్కర్లేని ఈ పద్ధతిని తన బడిలోనూ పెట్టమంటే అక్కడి ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. బెల్ ఒక ఎనిమిదేళ్ల పిల్లవాడిని పిలిచి, చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పని అప్పగించాడు. పిల్లవాడు నేర్పాడు. ఆ తర్వాత ఆశ్రమంలో తరగతులన్నీ అదే దారిలో నడిచాయి. కొంచెం ఎక్కువ తెలిసిన పిల్లలు తక్కువ తెలిసినవాళ్లకు చెప్తారు, పెద్దవాళ్లు పర్యవేక్షిస్తారు.

బెల్ 1797లో లండన్‌లో దీని మీద ఒక నివేదిక అచ్చువేశాడు. జోసెఫ్ లాంకాస్టర్ అనే మరొకరు అదే కాలంలో ఇలాంటి బడులే నడిపాడు. ఇద్దరి పేర్ల మీద ఇంగ్లండ్‌లో వేల మంది పేదపిల్లలు చదువుకున్నారు. బెల్ పద్ధతికి అక్కడ స్థిరపడిన పేరు ‘మద్రాస్ విధానం’. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఆయన ఇచ్చిన సొమ్ముతో పుట్టిన బడి నేటికీ ‘మద్రాస్ కాలేజ్’ పేరుతోనే నడుస్తోంది.

బళ్లారి కలెక్టరు నివేదిక

ఆ దేశవాళీ బడులు ఎలా ఉండేవో మనకు తెలియడానికి కారణం సర్ థామస్ మన్రో. రాయలసీమలో ఆయన పేరు పరిచయం చేయనక్కర్లేదు. మద్రాసు గవర్నరుగా 1822 జూన్‌లో ఆయన కలెక్టర్లందరికీ ఒక ఉత్తర్వు పంపాడు. మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది పిల్లలున్నారు, ఏం చదువుతున్నారు, లెక్క పంపండి అని. 1826లో తేలిన మొత్తం: 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. బడి ఈడు మగపిల్లల్లో నాలుగో వంతు బడికి వెళ్తున్నారనీ, ఇంటి దగ్గర చదివేవాళ్లనూ కలిపితే అది మూడో వంతు దాకా ఉంటుందనీ మన్రో అంచనా. ఆడపిల్లల సంఖ్య నామమాత్రం. ఈ నివేదికలను ధర్మపాల్ 1983లో ఒకచోట చేర్చి ప్రచురించారు.

వాటిలో మనకు దగ్గరిది బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో రాసినది. ఇప్పటి అనంతపురం ప్రాంతంలో చాలాభాగం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. మనది వేరే జిల్లా అయింది 1882లో. కాబట్టి ఇది మన ముత్తాతల తాతల బడి లెక్క. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడికి సగటున 12 మంది. అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. ఆడపిల్లలు మొత్తం మీద 60 మంది.

క్యాంప్‌బెల్ అంకెలతో ఆగలేదు, బడి నడిచే తీరు కూడా రాశాడు. పొద్దున ఆరింటికే బడి. మొదట వచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న; అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వెనక వచ్చిన కొద్దీ పెరుగుతాయి. పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విడదీస్తారు. కింది తరగతులను పెద్దపిల్లలు చూసుకుంటారు, పై తరగతులకు అయ్యవారు స్వయంగా చెప్తూ బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచుతాడు. అక్షరాన్ని ముందు ఇసుకలో వేలితో దిద్దడం, చేయి కుదిరాక తాటాకు మీద గంటంతోనో కాగితం మీద కలంతోనో రాయడం. తక్కువ ఖర్చుతో రాత నేర్పే ఈ పద్ధతినీ, ముందున్నవాళ్లు వెనకున్నవాళ్లకు చెప్పడాన్నీ ఆయన మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండ్ దీన్ని అనుకరించడం సమంజసమే అన్నాడు.

అదే నివేదికలో ఒక గట్టి విమర్శ కూడా చేశాడు. పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు అప్పజెప్తారు కానీ వాటి అర్థం వాళ్లకు చిలకకు తెలిసినంతే తెలుసు అని. పుస్తకాల్లోని భాష వేరు, పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాష వేరు, అదే దీనికి కారణమన్నాడు. బడులు తగ్గిపోవడానికి మూలం జనం పేదరికమనీ, ఇంగ్లండ్ బట్టలు వచ్చి మన నేతగాళ్లను దెబ్బతీయడం ఆ పేదరికానికి ఒక కారణమనీ దాచకుండా రాశాడు. ఆయన అధికారే అయినా, ఒక పద్ధతిలో బాగున్నదేది, బాగులేనిదేది అని విడదీసి చూశాడు. నేను చదివినంతలో మన ప్రాంతపు చదువు మీద జరిగిన మొదటి మంచి మూల్యాంకనం ఇదే.

యేట్స్ దొర ప్రశ్న

క్యాంప్‌బెల్ చెప్పిన ఆ లోపం ఎనభై ఏళ్ల తర్వాతా అలాగే ఉంది. 1906 ప్రాంతంలో విశాఖపట్నం వైపు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు తెలుగు నేర్చుకుంటుంటే ఒక చిక్కు ఎదురైంది. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు మరొకటి. ఎందుకిలా అని ఆయన అడిగినవాళ్లలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఒకరు.

పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ గిడుగు అప్పటికే సవర పిల్లలకు సవర భాషలో చదువు చెప్పాలని ఆ భాష నేర్చి, వాచకాలు రాసి, బడులు పెట్టించినవారు. గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్, యేట్స్, గిడుగు కలిసి నడిపిన వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో చదువుకుంటాం. అది తరగతి గదిలో పుట్టిందన్న సంగతి అంతగా గుర్తుంచుకోం. పిల్లవాడికి పాఠం ఎక్కకపోతే లోపం పిల్లవాడి బుర్రలోనే ఉందనుకోకుండా, పుస్తకంలో కూడా ఉందేమో చూడమన్నారు గిడుగు. మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఒక బడిపంతులు పుట్టినరోజున.

ఫలితాన్ని బట్టి డబ్బు

మంచి మార్కులకు బహుమతి అన్న ఆలోచనకూ పెద్ద చరిత్రే ఉంది. 1862లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ లో అనే మంత్రి బడుల గ్రాంటును పరీక్షతో ముడిపెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కో పిల్లవాడిని చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షిస్తాడు. తప్పిన ఒక్కో అంశానికీ ఇంత అని బడికి వచ్చే డబ్బులో కోత పడుతుంది. మన మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అదే దశాబ్దంలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇవ్వడం మొదలైంది. అలా నడిచిన బడులకు ‘రిజల్ట్స్ స్కూళ్లు’ అని పేరు.

లెక్క సులువు, ఖర్చు తక్కువ. కానీ పరీక్షలో అడిగేదే పాఠమైపోయింది. అప్పట్లో ఇన్‌స్పెక్టరుగా ఉన్న కవి మాథ్యూ ఆర్నాల్డ్, దీనివల్ల బడి మరయంత్రంలా తయారవుతోందని ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు. శతాబ్దం ముగిసేలోపే ఇంగ్లండ్ దాన్ని వదిలేసింది. ఈ ఒక్క కథ వింటే బహుమతుల ఆలోచన పక్కన పెట్టేయాలనిపిస్తుంది. తొందర వద్దు. దీని రెండో భాగం మన రాష్ట్రంలోనే జరిగింది, దాని దగ్గరికి వస్తాను.

పోలికే అసలు చిక్కు

మన బడి సంగతి ఒకటి. నా తరం వాళ్లకు పదో తరగతి రాత్రి చదువులు గుర్తుంటాయి. జనవరి నుంచి అన్నం తిని, చాపా దుప్పటీ తీసుకుని బడికే వచ్చేవాళ్లం. కరెంటు పోతే పెట్రోమాక్స్ లైటు. చదువులో ముందున్నవాడు నలుగురిని కూర్చోబెట్టుకుని సిద్ధాంతాలు చెప్పేవాడు, మా లెక్కల సారు పడక కుర్చీలో ఉండి అందరినీ గమనించేవారు. ఇప్పుడు చూస్తే అది అచ్చంగా క్యాంప్‌బెల్ చూసిన వీధిబడే! ఆ రాత్రి చదువుల వల్లే మేం పాసయ్యామని ఇవాళ్టికీ అందరం అంటాం.

నేనూ అలాగే అంటాను. అయితే ఇంజనీరుగా ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఆ రాత్రులు లేకపోతే మాలో ఎంతమంది తప్పేవాళ్లం? దానికి జవాబు ఎక్కడా లేదు, ఎందుకంటే రాత్రి చదువులు లేని మరో మన బడి పక్కన లేదు. వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చినా తేలదు. రాని పిల్లల్లో చాలామంది పొలానికి నీళ్లు పెట్టడానికో పశువుల దగ్గరికో వెళ్లాల్సినవాళ్లు. వాళ్ల మార్కులు తగ్గితే అది రాత్రి చదువు లేకపోవడం వల్లా, ఇంటి పరిస్థితి వల్లా?

మా పనిలో కాంక్రీటు పోసిన రోజే 150 మిల్లీమీటర్ల ఘనాలు కొన్ని పోసి నీళ్లలో నానబెడతాం. 28 రోజులకు వాటిని యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతాం. ఎం-20 కాంక్రీటైతే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బరువు తట్టుకోవాలి. పైకి నున్నగా కనిపించింది కదా అని ఎవరూ సంతకం పెట్టరు. చదువులో అలాంటి పరీక్ష కష్టం, కానీ అసాధ్యమేమీ కాదు. లాటరీ వేసి కొన్ని బడులకు కొత్త పద్ధతి ఇవ్వాలి, కొన్నింటికి ఇవ్వకూడదు. లాటరీ కాబట్టి రెండు గుంపులూ మొదట్లో ఒకేలా ఉంటాయి. చివర్లో తేడా వస్తే అది పద్ధతి వల్లే.

ఈ జాగ్రత్త ఎందుకో కెన్యాలో తేలింది. అక్కడ గోడకు తగిలించే బొమ్మల చార్టులున్న బడులనూ లేని బడులనూ మామూలుగా పోల్చితే, చార్టులున్న బడుల్లో మార్కులు ఎక్కువగా కనిపించాయి. తర్వాత 178 బడులు తీసుకుని సగం బడులకు చార్టులిచ్చి చూస్తే, తేడా దాదాపు ఏమీ లేదు. చార్టులు కొనుక్కోగలిగిన బడి మొదటి నుంచీ మెరుగైన బడి, అంతే.

మనలో చాలామంది గురువులకు గుర్తున్న ఏపీపీఈపీ, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, బ్రిటన్ సాయంతో 1984 ప్రాంతంలో చిన్నగా మొదలై 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించింది. చేసి నేర్చుకోవడం, గుంపు పని, ప్రతి పిల్లవాడి తేడాను గమనించడం, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలు నేర్పింది. టీచర్లు ఒకచోట కలిసి మాట్లాడుకునే ఉపాధ్యాయ కేంద్రాలు అప్పుడు వచ్చినవే. మంచి సూత్రాలు. ఒక తనిఖీ అధికారి వచ్చి ఈ ఆరూ అమలవుతున్నాయా లేదా అని గంటలో చూసి వెళ్లగలడు. పిల్లవాడు ఎంత నేర్చాడన్నది మాత్రం గంటలో తేలే సంగతి కాదు.

రిషి వ్యాలీ నిచ్చెన

మనకు పక్కనే, మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ బడి ఉంది. 1980ల చివర్లో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గది, ఒకే టీచరు ఉండే చిన్న బడులు నడపడం మొదలుపెట్టారు. ఐదు తరగతుల పిల్లలు ఒకే గదిలో. మామూలు వాచకంతో అక్కడ పాఠం సాగదు. ఒక తరగతికి చెప్తుంటే మిగతా నాలుగూ ఊరికే కూర్చోవాలి. జ్వరమొచ్చి వారం రోజులు రాని పిల్లవాడు, వేరుశనగ కోతలకు వెళ్లిన పిల్లవాడు వెనకబడితే ఇక అంతే సంగతి.

వాళ్లు వాచకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీశారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. గోడ మీద ఒక ‘అభ్యాసన నిచ్చెన’. పిల్లవాడు తను ఏ మెట్టు మీద ఉన్నాడో తనే చూసుకుని కార్డు తీసుకుంటాడు. పరిచయం, సాధన, పరీక్ష, రాకపోతే మళ్లీ సాధన, వస్తే ఇంకొంచెం పైకి. పరీక్ష అనేది విడిగా ఏడాది చివర రాదు, ఆ మెట్లలోనే కలిసిపోయింది. టీచరు దగ్గర కొందరు, తోటిపిల్లల సాయంతో కొందరు, ఒంటరిగా కొందరు. 2003 ప్రాంతంలో చెన్నై నగరపాలక బడులు దీన్ని చూసి నేర్చుకున్నాయి. అక్కడి నుంచి ‘కృత్యాధార బోధన’ పేరుతో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నింటికీ వెళ్లింది. మరోసారి ఈ నేల మీది పద్ధతి సరిహద్దు దాటింది.

నిచ్చెనలోని మూల సూత్రం ఒక్కటే. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాకుండా, అతనికి ఏం వచ్చు అన్న చోటి నుంచి మొదలుపెట్టాలి. కింద చెప్పబోయే లెక్కలన్నీ తిరిగి ఇక్కడికే వస్తాయి.

ఐదు వందల బడుల పరీక్ష

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టాయి. నడిపించినవాళ్లు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు. తెలంగాణ, కోస్తా, రాయలసీమల నుంచి ఐదు జిల్లాలు, 50 మండలాలు, మండలానికి 10 చొప్పున 500 ప్రభుత్వ ప్రాథమిక బడులు. లాటరీ వేసి వంద వంద చొప్పున విడదీశారు. ఒక వందకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, ఒక వందకు సామగ్రి కోసం నగదు గ్రాంటు, రెండు వందలకు మార్కులను బట్టి టీచర్లకు బోనస్. మిగిలిన వందకు ఏమీ లేదు, పోలిక కోసం. మన సమావేశంలో వచ్చిన ఆలోచనలు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయని గమనించండి.

బోనస్ లెక్క ఇది: సగటు మార్కులు 5 శాతానికి మించి పెరిగితే, ఆపైన ప్రతి శాతానికీ 500 రూపాయలు. రెండేళ్ల తర్వాత లెక్కల్లో 0.27, తెలుగులో 0.17 ప్రామాణిక విచలనాల మెరుగు. మామూలు మాటల్లో, వందమంది వరుసలో కింది నుంచి 50వ స్థానంలో ఉన్న పిల్లవాడు లెక్కల్లో సుమారు 61వ స్థానానికి వచ్చినట్టు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లోనూ మెరుగే కనిపించింది. టీచర్ల హాజరు పెరగలేదు. వచ్చిన రోజుల్లోనే అదనంగా హోంవర్కు, అదనపు క్లాసులు, సాధన పరీక్షలు పెట్టారు. అంటే 1862 నాటి భయం ఇక్కడ పూర్తిగా నిజం కాలేదు. దానికి ఒక కారణం ఉంది. ఇది కోత కాదు, పైన వచ్చే చిన్న మొత్తం. పైగా ప్రశ్నపత్రంలో కంఠస్థం చేసి రాసేవే కాకుండా, ఆలోచించి రాయాల్సినవీ ఉన్నాయి. రెండింటిలోనూ పిల్లలు మెరుగయ్యారు.

అదనపు టీచరున్న బడుల్లోనూ లెక్కల్లో 0.16, భాషలో 0.15 మెరుగు. ఆ కాంట్రాక్టు టీచర్ల జీతం రెగ్యులర్ టీచర్ల జీతంలో ఐదో వంతు కూడా లేదు. ఫలితం బాగుంది కదా అని ఆ జీతం న్యాయమని నేను అనను.

నగదు గ్రాంటు కథ మనందరం శ్రద్ధగా వినాల్సినది. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందే తెలిసింది. నోటు పుస్తకాలకూ పెన్సిళ్లకూ తాము పెట్టే ఖర్చు వాళ్లు తగ్గించుకున్నారు. పిల్లవాడి చేతిలో ఉన్న సామగ్రి మొత్తం మీద పెరగలేదు, రెండో ఏడాది మార్కుల్లో మెరుగూ లేదు. పేదింటికి ఆ డబ్బు మిగలడం మంచిదే, అది నిజమైన సాయం. దాన్ని చదువు పెంచే పథకమని మాత్రం పిలవలేం.

ఇంకో వంద బడుల్లో పిల్లలను పరీక్షించి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు వివరంగా రాసిచ్చారు. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ టీచర్లు చురుగ్గా కనిపించారు. సంవత్సరాంతంలో పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం గురించి హర్యానాలో చేసిన ఇలాంటి పరీక్షలోనూ అదే తేలింది. రికార్డులు రాసి రాసి మన టీచర్ల చేతులు నొప్పి పుట్టిన సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు. కొలత అవసరమే, కానీ కొలిచినంత మాత్రాన పంట పెరగదు.

అదే పరిశోధకులు 180 పల్లెల్లో లాటరీ వేసి, కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టి నాలుగేళ్లు గమనించారు. తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకూ వాళ్లకూ తేడా లేదు. హిందీలో వాళ్లు మెరుగు. ప్రైవేటు బడులు ఆ ఫలితాన్ని ఒక్కో పిల్లవాడికి ప్రభుత్వ ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువతో, తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి సాధించాయన్నదీ నిజమే. ఎవరి వాదానికి కావలసిన సగాన్ని వాళ్లు చెప్పుకుంటున్నారు కాబట్టి రెండు సగాలూ రాశాను.

యంత్రం ఏం చేయగలదు

ఇక డిజిటల్ బోర్డులు. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచారు. 15 నెలల తర్వాత 319 బడుల్లో కొలిస్తే లెక్కల్లో, భాషలో మెరుగు కనిపించలేదు. దీనికి ఎదురుగా వడోదరలో నాలుగో తరగతి పిల్లలను ఒక్కో కంప్యూటరు దగ్గర ఇద్దరేసి కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించారు. రెండో ఏడాది 0.47 మెరుగు. ఢిల్లీలో 619 మంది పిల్లలతో చేసిన పరీక్షలో ‘మైండ్‌స్పార్క్’ అనే ప్రోగ్రాం నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 మెరుగు చూపింది. అందులో సగం సమయం కంప్యూటరు, సగం సమయం మనిషి చెప్పే పాఠం.

తేడా ఎక్కడుంది? పని చేసిన రెండు చోట్లా యంత్రం పిల్లవాడి స్థాయిని పట్టి ప్రశ్న ఇచ్చింది. గోడ మీది తెర అలా చేయదు. ఎనిమిదో తరగతి పాఠాన్ని రంగుల్లో చూపిస్తుంది, భాగహారం రాని పిల్లవాడికి ఆ రంగుల పాఠం కూడా అర్థం కాదు. కంప్యూటరు అసలు లేకుండానే ముంబయి, వడోదరల్లో ప్రథమ్ సంస్థ ‘బాల్‌సఖి’ పేరుతో ఊళ్లోని చదువుకున్న అమ్మాయిలను పెట్టింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన 15, 20 మందికి రోజూ రెండు గంటలు, వాళ్లకు వచ్చిన చోటి నుంచి చెప్పించింది. రెండో ఏడాది 0.28 మెరుగు. కార్యక్రమం ఆగిపోయిన ఏడాదికి అందులో చాలాభాగం కరిగిపోయిందన్నది కూడా రాయాలి. ఒక్క ఏడాది హడావుడి చేసి ఫోటో తీయించుకుంటే సరిపోదని దాని అర్థం.

మరి మన నిధి?

రెండు వందల ఏళ్ల ఈ లెక్క చూశాక నా ప్రతిపాదన ఇది. సమావేశంలో దీన్ని చర్చించమని అధ్యక్షులవారినీ సభ్యులనూ కోరుతున్నాను.

మన బడికి ఏటా ఆరో తరగతిలోకి చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు వస్తారు. జూన్‌లో ప్రతి ఒక్కరిచేత రెండో తరగతి స్థాయి పేరా ఒకటి చదివిద్దాం, ఒక తీసివేత, ఒక భాగహారం చేయిద్దాం. పిల్లకు ఐదు నిమిషాలు చాలు. దేశమంతటా అసర్ సర్వేవాళ్లు 2005 నుంచి చేస్తున్నది ఇదే. వెనకబడినవాళ్లకు మన నిధితో ఇద్దరు స్థానిక యువతులను గౌరవమైన జీతంతో పెట్టి, రోజూ ఒక గంట వచ్చిన చోటి నుంచి నేర్పిద్దాం. పైతరగతుల నుంచి ఇష్టమున్న పిల్లలు వాళ్లకు తోడుంటారు. మార్చిలో అదే పరీక్ష మళ్లీ పెడదాం, ఈసారి నేర్పినవాళ్లు కాకుండా మనలోంచి ఎవరైనా వచ్చి పెట్టాలి.

పోలిక లేకపోతే మళ్లీ రాత్రి చదువుల కథే అవుతుంది. అందుకని మండలంలోని మరి కొన్ని ఉన్నత పాఠశాలల హెడ్‌మాస్టర్లతో మాట్లాడి, ఒప్పుకున్న బడుల పేర్లు చీటీలు వేసి, సగం బడుల్లో ఈ ఏడాది, మిగతా సగంలో వచ్చే ఏడాది మొదలుపెడదాం. ఎవరికీ అన్యాయం జరగదు, మనకు పోలిక దొరుకుతుంది. నాలుగైదు బడుల లెక్క ఐదు వందల బడుల లెక్కతో సమానం కాదు, తేడా చిన్నదైతే మన కంటికి ఆనదు కూడా. అయినా ఏమీ కొలవకుండా ఉండడం కన్నా ఇది నయం. మూడేళ్లకు డబ్బు కేటాయించి, ఏటా ఫలితం వచ్చింది వచ్చినట్టు మన వార్షిక సమావేశంలో చదివి వినిపిద్దాం. పని చేయకపోతే మానేసి, నిచ్చెన మరో మెట్టు నుంచి మొదలుపెడదాం. డిజిటల్ బోర్డులు వద్దనడం లేదు. ఒకటి కొని, ఏ సారు ఎలా వాడితే పిల్లలకు ఉపయోగపడుతుందో చూసి, ఆపైన మిగతావి కొందాం.

మన గురువులకు ఒక మనవి. ఇది మీ పనికి మార్కులు వేసే ప్రయత్నం కాదు. ఏ రోజు ఏ పిల్లవాడి ముఖంలో పాఠం అందిందో, ఎవరి ముఖంలో అందలేదో మీకు తెలిసినంతగా ఏ పరీక్షా చెప్పలేదు. కాకపోతే 60 మంది ఉన్న తరగతిలో ఆ ముఖాలన్నీ చూసే తీరిక మీకు ఎవరూ ఇవ్వలేదు. ఆ తీరికను కొంతైనా మీకు ఇవ్వడానికి పూర్వ విద్యార్థుల సొమ్ము పనికొస్తే అంతకన్నా ఏం కావాలి?

జూన్‌లో ఆరో తరగతి పిల్లల దగ్గర కూర్చుని పేరా చదివించడానికి నేను నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తాను. మరో పదిమంది పేర్లిస్తే పని రెండు రోజుల్లో అయిపోతుంది.